ఉయ్యాల ప్రక్కని చెవి

వ్రేపల్లెలో నందుని యింట వేడుక జరుగుచున్నది. యశోద తన ముద్దుబిడ్డను బండి క్రింద పరుండబెట్టి, వచ్చిన బంధువులను ఆదరించు పనిలో మునిగియుండెను. శిశువు ఆకలిగొని యేడ్చెను. ఆ యేడ్పు పండుగ సందడిలో తల్లి చెవిని పడలేదు. అంతలో బండి పెళపెళ విరిగి తలక్రిందయ్యెను. అందరును పరుగెత్తి వచ్చిరి. ఏమి జరిగినదో పెద్దలకు బోధపడలేదు. దగ్గర ఆడుకొనుచున్న పిల్లలు మాత్రము, బాలుడే కాలితో తన్నెనని చెప్పిరి. ఆ మాటను పెద్దలెవ్వరును నమ్మలేదు. భాగవత దశమస్కంధములోని శకటాసుర వృత్తాంతమిది.

భక్తునకు ఇది భగవంతుని లీల. బిడ్డను కన్న తల్లికి మాత్రము ఇందులో మరియొకటి వినబడును: “బిడ్డ యేడ్చినాడు; నేను వినలేదు.” తల్లి మనస్సును ఇంతగా కలచు మాట వేరొకటి లేదు. ఆ బాధను తప్పించుటకు ఇరువదవ శతాబ్దము ఒక యంత్రమును కల్పించెను. శిశువు పరుండిన గదిలో ఒక పెట్టె యుండును, అది వినును. తలిదండ్రులున్న గదిలో మరియొక పెట్టె యుండును, అది పలుకును. దీనినే బేబీ మానిటరు అనుచున్నారు. ఇటీవల దీనికి కన్నులు కూడ వచ్చినవి.

ఈ యంత్రమును ఎప్పుడు కొనవలెనో చెప్పువారు పెక్కురు కలరు. ఎప్పుడు ఆపవలెనో చెప్పువారు అరుదు. నిజమునకు ఈ రెండవ ప్రశ్నయే కఠినమైనది. అది పైకి శిశువును గూర్చిన ప్రశ్నగా కనబడినను, లోతునకు పోయి చూచినచో పెద్దలను గూర్చిన ప్రశ్న.

తెలుగునాట పూర్వము ఇట్టి యంత్రముతో పని కలుగలేదు. దూలమునకు చీర ఉయ్యాల కట్టి బిడ్డను పరుండబెట్టినచో, ఆ ఉయ్యాల త్రాడు ఎవరో ఒకరి చేతిలో ఉండెడిది. వంటయింటిలో తల్లి, వసారాలో నాయనమ్మ, పెరటిలో మేనత్త, వాకిట ఆడుకొను అక్కలు – ఇందరి చెవులలో ఏదో యొకటి బిడ్డవైపు తిరిగియే యుండెడిది. రాత్రియైనచో బిడ్డ తల్లి ప్రక్కనే. ఏడ్పునకును చెవికిని నడుమ గోడ లేదు. గోడ లేనిచోట యంత్రమేల?

ఇంగ్లండు, అమెరికా మొదలగు దేశములలో కలిగినవారు శిశువులకు వేరుగది నిచ్చుట పందొమ్మిదవ శతాబ్దము నాటికే ఆచారమైనది. ఆ గదిలో మొదట దాది యుండెడిది. కాలక్రమమున సామాన్య కుటుంబములకును ఆ గది వచ్చెను గాని దాది రాలేదు. బిడ్డ మేడమీద, తల్లి క్రింద. నడుమ దళసరి తలుపులు. బేబీ మానిటరు ఆ ఖాళీలో పుట్టినది. దాని పుట్టుక వెనుక ఒక విషాద గాథయు కలదు.

అట్లాంటిక్ మహాసముద్రమును 1927లో ఒంటరిగా విమానముపై ఆగక దాటి లోకప్రసిద్ధుడైన చార్లెస్ లిండ్‌బర్గు ఇల్లు న్యూజెర్సీ రాష్ట్రమున ఉండెను. 1932 మార్చి 1వ తేదీ రాత్రి ఆ యింటి మేడగదిలో నిద్రించుచున్న ఇరువది నెలల బాలుని, నిచ్చెన వేసికొని యెక్కి, దొంగిలించుకొనిపోయిరి. తలిదండ్రులు ఇంటిలోనే యుండిరి. దాది వచ్చి తొట్టిని చూచువరకు ఎవరికిని తెలియలేదు. మే నెలలో ఆ పసివాని మృతదేహము దొరకెను. ఆ వార్త విని అమెరికాలో తలిదండ్రులందరును తమ బిడ్డల గది వంక భయముతో చూడసాగిరి.

అట్లు భయపడినవారిలో జెనిత్ రేడియో సంస్థ అధిపతి యూజీన్ మెక్‌డొనాల్డు ఒకడని చెప్పుదురు. ఆయనకును పసిబిడ్డ కలదు. 1937లో ఆయన సంస్థ “రేడియో నర్స్” అను పేర ఒక పరికరమును తయారుచేసెను. అందు రెండు భాగములు. బిడ్డ గదిలో నుంచు భాగమునకు “గార్డియన్ ఇయర్” అని పేరిడిరి, అనగా కాపలాచెవి. అది విన్న ధ్వని ఇంటి విద్యుత్తు తీగల గుండ ప్రయాణించి, రెండవ గదిలోని పెట్టెలో వినబడెడిది. వెల 19 డాలర్ల 95 సెంట్లు. ఆ రెండవ పెట్టెకు రూపమిచ్చినవాడు ఇసాము నొగూచి అను మహాశిల్పి. అతని తండ్రి జపాను కవి, తల్లి అమెరికా రచయిత్రి. బేకలైటుతో అతడు చేసిన ఆ పెట్టె, కన్నులు లేక, నోటిచోట అడ్డచీలికలు మాత్రము గల స్త్రీ శిరస్సువలె నుండును. అది నేడు వస్తుప్రదర్శనశాలలలో కళాఖండముగా నిలిచియున్నది.

ఇంటిలో మాత్రము అది యెక్కువకాలము నిలువలేదు. బిడ్డ యేడ్పుతోపాటు ఇతర ప్రసారముల ధ్వనులును అందులో చొరబడెడివి. వలసినదానికంటె ఎక్కువ వినుట ఈ యంత్రమునకు పుట్టుకతో వచ్చిన గుణము. ఈ గుణమును గుర్తుంచుకొనవలెను. కథ చివర మరల దీనితో పని కలదు.

తొంబది యేండ్లకు చేరువగుచున్న ఈ యంత్రము నేడు బహురూపములు ధరించినది. చీకటిలో చూడగల కెమెరా, ఆ దృశ్యమును ఎంత దూరమునకైనను పంపు ఫోను, మేజోడువలె పాదమునకు తొడిగినచో నాడిని, రక్తములోని ప్రాణవాయువును లెక్కించు పరికరము – ఇన్ని విధములు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఇది సాధారణ వస్తువు. హైదరాబాదు, విశాఖపట్నములలోని ఎత్తైన భవనములకును వచ్చినది. పనిమనిషి చేతిలో బిడ్డను విడిచి ఉద్యోగమునకు పోయిన తల్లి, కార్యాలయములో కూర్చుండి ఫోనులో ఉయ్యాలను చూచుకొనుచున్నది.

అమెరికాలోని అట్టి తెలుగు గృహమొకదానిని ఊహింతము. కూతురి పురిటికి ఆరు మాసములు వచ్చిపోయిన అమ్మమ్మ, మనుమనికి మూడవయేడు నడుచుచుండగా మరల వచ్చినది. రాత్రి భోజనములైనవి. బిడ్డ మేడమీద తన గదిలో పరుండినాడు. కూతురు సోఫాలో కూర్చుండి తల్లితో మాటలాడుచునే, నిమిషమునకొకసారి చేతిలోని చిన్న తెరను చూచుచున్నది.

“ఏమిటే అస్తమానం దాంట్లో చూస్తావు?”

“పడుకున్నాడో లేదోనని.”

“వాడు నిన్ను పిలిచాడా?”

“లేదమ్మా.”

“పిలిస్తే వినపడదా?”

“వినపడుతుంది. తలుపు తీసే ఉంది.”

“మరి ఇంకా దేనికోసం చూస్తున్నావు?”

కూతురు బదులు చెప్పలేదు. ఆమెకు బదులు తెలియక కాదు. మూడేండ్ల క్రిందట, బిడ్డ పుట్టిన మొదటి మాసములో, రాత్రి మూడు గంటలకు లేచి ఆ పసివాని ముక్కు దగ్గర వేలుంచి ఊపిరి చూచుకొనిన భయము ఆమెను ఇంకను విడువలేదు. బిడ్డ పెరిగినాడు, భయము పెరుగలేదు, తరుగలేదు, పుట్టిననాడున్నంతయే యున్నది. మానిటరును ఎప్పుడు ఆపవలెనను ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్నచో, ముందుగా ఆ భయము వయస్సెంతయో తెలిసికొనవలెను.

ఆ భయమునకు ఆధారము లేకపోలేదు. ఆరోగ్యముగా కనబడు పసిబిడ్డ నిద్రలో హఠాత్తుగా మరణించుట, ఎంత పరీక్షించినను కారణము తెలియకపోవుట కలదు. ఏడాది లోపు శిశువులకే వైద్యులు ఈ పేరు వాడుదురు. ఒకటవ నెల మొదలు నాలుగవ నెల వరకు అపాయ మెక్కువ. ఇట్టి మరణములలో అధికభాగము ఆరు నెలలు నిండకమునుపే జరుగును. తల్లి భయము నిజముగా ఒక యపాయమునకు సరిపోవు కాలమదియే.

అప్పుడు యంత్రము కాపాడునా? 1972లో ఒక అమెరికా వైద్యుడు, నిద్రలో ఊపిరి కొంతసేపు ఆగుటయే ఈ మరణములకు పూర్వసూచన యని ఒక వ్యాసము ప్రకటించెను. దానిపై ఊపిరిని కనిపెట్టు యంత్రములు వేలాది గృహములలో ప్రవేశించినవి. ఊపిరి కొంచెము తడబడినచో గంట మ్రోగును. తలిదండ్రులు గుండె చేతబట్టుకొని లేతురు. కాని ఆ వ్యాసమునకు ఆధారమైన శిశువులలో ఒకే తల్లి బిడ్డలు ఇరువురు రోగముచేత మరణించలేదనియు, తల్లియే వారిని ఊపిరాడకుండ చేసెననియు 1995లో న్యాయస్థానము నిర్ణయించెను. 2001లో వెయ్యికి మించిన శిశువులను ఇండ్లలోనే పరిశీలించి ప్రకటించిన పరిశోధన మరియొక సంగతి తేల్చెను: ఊపిరి ఆగుట, నాడి మందగించుట ఆరోగ్యవంతులైన శిశువులలోను తరచు కనబడుచునే యుండును, అది ఆ ఆకస్మిక మరణమునకు ముందు వచ్చు సూచన యనుటకు వీలులేదు. 2018లో రెండు రకముల క్రొత్త పరికరములను ఆసుపత్రిలోని శిశువులకు తొడిగి పరీక్షించిరి. ప్రాణవాయువు తగ్గినప్పుడు ఒకటి కొన్నిమారులు కనుగొనెను, కొన్నిమారులు కనుగొనలేదు. రెండవది ఒక్కమారైనను కనుగొనలేదు.

అందువలననే అమెరికా శిశువైద్యుల సంఘము, ఈ మరణములను తప్పించుటకై ఇంటిలో ఊపిరి యంత్రములను వాడవలదని చెప్పుచున్నది. అది చెప్పు ఉపాయములు వేరు. శిశువును వెల్లకిల పరుండబెట్టవలెను. పరుపు గట్టిగా, సమముగా ఉండవలెను. దిండ్లు, వదులు దుప్పట్లు తొట్టిలో ఉండరాదు. ఇంటిలో పొగ త్రాగరాదు. కనీసము ఆరు మాసములు బిడ్డ తలిదండ్రుల గదిలోనే, వేరు తొట్టిలో, నిద్రింపవలెను. బిడ్డను వెల్లకిల పరుండబెట్టుడని 1994లో అమెరికాలో ప్రచారము మొదలుపెట్టిన పిమ్మట, పదేండ్లలో ఈ మరణములు సుమారు సగమునకు తగ్గినవి. గంటలు మ్రోగించు యంత్రములు చేయలేని పనిని, బిడ్డను పరుండబెట్టిన చేయి చేసినది. తల్లి ఉన్న గదిలోనే బిడ్డ యుండవలెనను మాట తెలుగు అమ్మమ్మకు క్రొత్తది కాదు. వేరు తొట్టి యను మాట మాత్రము ఆమెయు నేర్చుకొనదగినది.

కావున మొదటి ఆరు మాసములలో, తల్లి ఒకే గదిలో నున్నప్పుడు, మానిటరు చేయు మేలు స్వల్పము. ఒక్కొక్కప్పుడు కీడును చేయును. పసిబిడ్డ నిద్రలో సగము కదలిక గల నిద్ర. ఆ సమయమున బిడ్డ మూలుగును, ముఖము చిట్లించును, కాళ్ళు తన్నును, చిన్నగా ఏడ్చి తనంతట తానే ఊరకుండును. ఈ ప్రతి ధ్వనియు పెద్దదియై చెవిలో పడినచో తల్లికి నిద్ర లేదు. ఆమె ఆత్రముతో ఎత్తుకొనినచో బిడ్డకును నిద్ర లేదు.

రెండవ దశ ఆరు మాసములు నిండినది మొదలు బిడ్డకు నడక, మాట వచ్చువరకు. బిడ్డ వేరుగదిలో పరుండి, ఆ గది దూరమై, తలుపు వేసియుండవలసి వచ్చినచో మానిటరు నిజముగా ఉపయోగపడు కాలమిది. బిడ్డ లేచి రాలేడు; పేరు పెట్టి పిలువలేడు; ఏడ్చుటయొక్కటే అతనికి గల భాష. ఆ భాష గోడ దాటుటకు ఒక తీగ కావలెను. అంతవరకు యంత్రము ధర్మబద్ధమైన దూత. ఐనను దూతకు రెండు కట్టుబాట్లు అవసరము. మొదటిది, దాని తీగ తొట్టికి కనీసము మూడడుగుల దూరములో ఉండవలెను. తొట్టిలోనుండి చేయి చాచిన శిశువుల మెడలకు తీగ చుట్టుకొని ప్రాణాపాయములు జరిగియున్నవి. రెండవది, దాని తలుపునకు తాళముండవలెను. అంతర్జాలమునకు కలిపిన కెమెరాకు, కొన్ననాటి రహస్యపదమునే ఉంచినచో, దొంగకు వీధితలుపు తెరచినట్లే. 2012లో ఒక సంస్థ అమ్మిన కెమెరాలలో దాదాపు 700 కెమెరాల దృశ్యములు, శిశువుల గదులతో సహా, అంతర్జాలములో అందరికిని కనబడినవి. 2013లో హ్యూస్టను నగరమున నిద్రించుచున్న పసిబిడ్డను ఎవరో అపరిచితుడు ఆ యంత్రము ద్వారానే దుర్భాషలాడెను. దొంగ రాకుండుటకై పుట్టిన యంత్రము దొంగకు నిచ్చెన యైనది.

ఇక మూడవ దశ. భాష నేర్పు ఉపాధ్యాయులకు అన్నింటికంటె ఆసక్తి కలిగింపదగిన దశ యిదియే. రెండవయేడు నిండునప్పటికి మానిటరులో ఏడ్పు తగ్గి, మాటలు వినబడసాగును. దీపమార్పిన పిమ్మట, ఎవరును లేని గదిలో, బిడ్డ తనలో తాను మాటలాడుకొనును. తలిదండ్రులు తెర చుట్టు చేరి నవ్వుకొందురు. ఈ మాటలను శాస్త్రజ్ఞులును విన్నారు. రూత్ వీర్ అను భాషాశాస్త్రజ్ఞురాలు తన కుమారుడు ఆంథొనీ రెండున్నరయేండ్ల ప్రాయమున నిద్రకు ముందు మాటలాడుకొనినదంతయు ధ్వనిఫీతమున కెక్కించి, 1962లో “లాంగ్వేజ్ ఇన్ ది క్రిబ్” అను గ్రంథముగా వెలువరించెను. సుప్రసిద్ధ భాషావేత్త రోమన్ యాకొబ్సన్ దానికి పీఠిక వ్రాసెను. ఆ బాలుడు చీకటిలో చేయుచున్నది వ్యాకరణాభ్యాసము. ఒక వాక్యమును పట్టుకొని అందు ఒక్క పదమును మార్చి మార్చి పలుకును. ఒకే ధ్వని గల మాటలను వరుసగా పేర్చును. తప్పు పలికి తానే దిద్దుకొనును. గురువు లేని పాఠశాల యది.

1989లో కేథరీన్ నెల్సన్ సంపాదకత్వమున వెలువడిన మరియొక గ్రంథము, ఎమిలీ అను బాలిక ఇరువదియొక్క నెలల ప్రాయము మొదలు మూడేండ్ల వరకు తొట్టిలో పలికిన మాటలను పరిశీలించెను. అందు తేలిన విషయము తలిదండ్రులను ఆశ్చర్యపరచును. ఆ బాలిక తండ్రితో మాటలాడునప్పటికంటె, ఒంటరిగా నున్నప్పుడే పొడవైన, చిక్కనైన వాక్యములను కూర్చుకొనెను. నిన్న జరిగినది, రేపు జరుగబోవునది, తనకు బోధపడనిది – అన్నింటిని ఆ చీకటిలోనే సరిచూచుకొనెను. రష్యా మనస్తత్త్వవేత్త వైగోట్‌స్కీ 1934లో వెలువడిన తన గ్రంథమున, బిడ్డ పైకి తనతో తాను పలుకు ఈ మాటయే క్రమముగా లోనికింకి ఆలోచనగా మారునని సిద్ధాంతీకరించెను. అట్లయినచో తొట్టిలోని మాటలు నవ్వుకొనదగిన ముద్దుపలుకులు మాత్రమే కావు. ఒక మనస్సు తన యిల్లు తాను కట్టుకొనుచున్న చప్పుడది.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. ఎవరో పొంచి విన్నందుననే గదా ఈ గ్రంథములు వెలువడినవి? నిజమే. వారు విని తెలిసికొని మనకు చెప్పినదేమి? ఆ మాటలు ఎవరి కొరకును పలికినవి కావని. ఆ సంగతి తెలిసిన పిమ్మటను ప్రతి రాత్రియు విను హక్కు మనకు కలదా యని ప్రశ్నించుకొనవలెను.

ఇంగ్లండులో శిశువైద్యుడుగా, మనోవిశ్లేషకుడుగా పేరొందిన డొనాల్డ్ విన్నికాట్ 1958లో ప్రకటించిన వ్యాసమొకటి ఈ సందర్భమున స్మరింపదగినది. ఒంటరిగా ఉండగలుగుట మనుష్యుని మానసిక పరిణతికి ముఖ్యమైన గుర్తని ఆయన యభిప్రాయము. అది బిడ్డను దిక్కులేకుండ విడిచినచో అలవడదు. తల్లి సమీపముననే యుండి, జోక్యము కలిగించుకొనక, బిడ్డను తన లోకములో తనను ఉండనిచ్చినచో అలవడును. తల్లి ఉన్నదను నమ్మకము క్రమముగా బిడ్డ లోపలికి చేరును; అప్పుడు ఆమె ఎదుట లేకున్నను బిడ్డ ఒంటరి కాడు. వసారాలో ప్రత్తి ఏకుచు కూర్చున్న నాయనమ్మ, మనుమడు మట్టిలో ఇల్లు కట్టుచుండగా తల యెత్తి చూడకయే అతనికి తోడుగా ఉండెడిది. తోడు వేరు, నిఘా వేరు. తోడు బిడ్డకు తెలియును. నిఘా బిడ్డకు తెలియదు. తోడుండినచో బిడ్డకు ధైర్యము. నిఘా వలన ధైర్యము పెద్దలకే.

మానిటరును ఎప్పుడు ఆపవలెనను ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. పంచాంగము చూచి చెప్పదగిన తేదీ లేదు. గుర్తులు కలవు. బిడ్డ మాటతో పిలువగలిగి, ఆ పిలుపు తలుపు తెరచినచో యంత్రము లేకయే వినబడుట మొదటి గుర్తు. మంచము దిగి నడచి రాగలుగుట రెండవది. బిడ్డ పొడవు సుమారు ముప్పదియైదంగుళములైనప్పుడు తొట్టి విడిచి మంచము పట్టవలెనని వైద్యులు చెప్పుదురు. ఆ మార్పు జరిగి, క్రొత్త మంచమునకు అలవాటుపడిన కొన్ని వారములు ఇందుకు తగిన సమయము. మూడవ గుర్తు అన్నింటికంటె ముఖ్యము: యంత్రములో వినబడునది పిలుపు కాక స్వగతము కాసాగుట. పిలుపు మనకొరకు, వినవలెను. స్వగతము బిడ్డది, విడువవలెను.

ఆపుట ఒక్కనాటి పని కానక్కరలేదు. ముందు తెరను ఆపి ధ్వనిని మాత్రము ఉంచుకొనవచ్చును. పిమ్మట ధ్వనిని తగ్గించి, గట్టి యేడ్పు తప్ప మరేమియు వినబడకుండ చేయవచ్చును. తరువాత పగటి నిద్రకు, ఆపై రాత్రికి ఆపవచ్చును. అయితే కాపలా తీయుటకు ముందు గదిని కాపాడదగినదిగా చేయవలెను. బీరువా, పుస్తకముల అలమార గోడకు బిగింపవలెను, కిటికీకి కమ్ములుండవలెను, మెట్లకు అడ్డుతలుపు పెట్టవలెను, మందులు, నాణెములు, చిన్న బ్యాటరీలు అందకుండ నుంచవలెను. అన్నింటికంటె ముందు బిడ్డకు చెప్పవలెను: “పిలిస్తే వస్తాను.” చెప్పిన పిమ్మట పిలిచినప్పుడు పోవలెను. ఆ మాట నాలుగు రాత్రులు నిజమైనచో ఐదవ రాత్రి బిడ్డయు నిద్రించును, తల్లియు నిద్రించును.

ఈ నియమమునకు అపవాదములు లేకపోలేదు. నిద్రలో మూర్ఛ వచ్చు బిడ్డలు, మధుమేహమునకు ఇన్సులిను పుచ్చుకొను బిడ్డలు, నెలలు నిండక పుట్టి ఆసుపత్రినుండి వైద్య పరికరముతో ఇంటికి వచ్చిన శిశువులు – వీరి విషయమున వైద్యుని మాటయే శాసనము. యంత్రమును ఎన్నియేండ్లు ఉంచవలెనన్నను ఉంచవలసినదే. చెవులు వినబడని తలిదండ్రులకు, ఏడ్పును వెలుగుగా, కంపనముగా మార్చు యంత్రము విలాసము కాదు, అవసరము. అచ్చట గోడ నిజముగా నున్నది. దానిని దాటించుచున్నంతకాలము యంత్రము తన పని తాను చేయుచున్నట్లే.

గోడ తొలగిన పిమ్మటను చెవి తొలగకపోవుట విచారింపదగిన విషయము. మూడేండ్లకు ఆపని కన్ను ఆరేండ్లకు ఆగదు. అది గదినుండి ఫోనులోనికి, ఫోనునుండి బడిలోనికి పోవును. 2019లో ఢిల్లీ ప్రభుత్వము తన పాఠశాలల తరగతి గదులలో కెమెరాలు నిలిపి, ఆ దృశ్యములను తలిదండ్రులు ఫోనులో చూచు ఏర్పాటు ప్రారంభించెను. దాని మంచిచెడ్డలు వేరుగా చర్చింపవచ్చును. తప్పు సమాధానము చెప్పుటకు ధైర్యము గల విద్యార్థి, ఆ తప్పును ఇంటివద్ద కూడ చూచుచున్నారని తెలిసిన పిమ్మట చేయి యెత్తునా యని మాత్రము ప్రతి ఉపాధ్యాయుడును ఆలోచింపవలెను. తొట్టిలో ఆంథొనీ చేసిన వ్యాకరణాభ్యాసము తప్పులతోనే సాగినది; ఎవరును చూడనందుననే సాగినది.

1989 నవంబరు 20న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో భారతదేశము 1992లో చేరినది. దాని 5వ అధికరణము, బిడ్డకు దారి చూపు హక్కును బాధ్యతను తలిదండ్రులకిచ్చుచు, అది బిడ్డ శక్తులు వికసించు కొలది తదనుగుణముగా ఉండవలెనని చెప్పుచున్నది. 16వ అధికరణము బిడ్డకును స్వకీయ జీవితము కలదని, అందు అన్యాయముగా జోక్యము పనికిరాదని చెప్పుచున్నది. ఈ రెండింటిని ఇంటిభాషలో చెప్పవలెనన్నచో ఇంతియే: బిడ్డ పెరిగినకొలది పెద్దల చేయి వెనుకకు జరుగవలెను.

యశోద కథ బండితో ముగియలేదు. బిడ్డ నడక నేర్చి అల్లరి చేయగా, ఆమె అతనిని రోటికి కట్టబోయెను. తెచ్చిన త్రాడు రెండంగుళములు తక్కువైనది. మరియొక త్రాడు ముడివేసెను. మరల రెండంగుళములు తక్కువ. ఇంటిలోని త్రాళ్ళన్నియు తెచ్చినను ఆ రెండంగుళముల కొరత తీరలేదు. తల్లి అలసిపోవుట చూచి, బిడ్డయే జాలిపడి కట్టునకు లోబడినాడట. బిడ్డపై ఎన్ని కన్నులు, ఎన్ని చెవులు నిలిపినను తల్లి భయము తీరుటకు ఇంకను రెండంగుళములు తక్కువగనే యుండునని తెలియుటకు ఇంతకంటె దృష్టాంతము వేరొకటి కావలయునా? చివరకు రోలీడ్చుకొనిపోయి మద్దిచెట్లు కూల్చిన ఆ బాలుని చూచి, నందుడు నవ్వుచు వచ్చి కట్టు విప్పెను. కట్టినది ప్రేమయే, విప్పినదియు ప్రేమయే.

అమ్మమ్మ లేచి తన గదికి పోయిన తరువాత ఆ కూతురు తెరను బల్లపై బోర్లించి, మేడమెట్ల క్రింద ఒక్క నిమిషము నిలిచినది. తెరచిన తలుపు గుండ మెల్లగా ఏవో మాటలు వినబడుచున్నవి. ఆమెను పిలుచుచున్న మాటలు కావవి. వెనుకకు తిరిగి దీపమార్పినది.